కంకి, కంచం, కంటె, కంది, కంబళి

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లు కూర్చుని పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటుంటే కాసేపటికి ఈ మాట రాక తప్పదు: "స్కూల్లో తమిళం చదివి చదివి మావాడి తెలుగు పాడైపోయిందండీ. కకీ గకీ తేడా తెలియదు. ఒత్తులైతే అసలే పలకడు." చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపుతారు. పెరంబూరులో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతాను కాబట్టి ఈ మాట నా దగ్గరికి ఫిర్యాదుగానూ వస్తుంది, సలహాగానూ వస్తుంది. నేను ఒప్పుకోను. 2006 నాటి చట్టంతో బళ్లలో తమిళం తప్పనిసరి అయిందనీ, దాని మీద మనవాళ్లకు బాధ ఉందనీ తెలుసు. అది వేరే చర్చ. పిల్లల నోట్లో తెలుగు సరిగ్గా పలక్కపోవడానికి కారణం మాత్రం మనం అక్షరాలు నేర్పే తీరు.

మార్కెట్లో దొరికే తెలుగు అక్షరాల చార్టు ఒకటి తీసి చూడండి. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, క అంటే కలం, గ అంటే గడియారం. గళ్లు, గళ్లలో రంగు బొమ్మలు. ఙ, ఞ దగ్గరికి వచ్చేసరికి చాలా చార్టుల్లో బొమ్మ ఉండదు, ఎందుకంటే ఆ అక్షరాలతో మొదలయ్యే వస్తువు లేదు. పిల్లలకు అర్థమయ్యేది ఒకటే: ఇవి పనికిరాని అక్షరాలు, పరీక్షలో వదిలేయొచ్చు. క పక్కన ఖ ఎందుకుందో, త ముందు ట ఎందుకొచ్చిందో ఆ చార్టు చెప్పదు. చెప్పాలన్న ఆలోచన కూడా దాన్ని చేసినవాళ్లకు వచ్చినట్టు లేదు. ఏబీసీడీల వరుసకు ధ్వనిలో కారణం లేదు కాబట్టి అక్కడ బొమ్మలు పెట్టారు. మన వరుసకు కారణం ఉంది. కారణం ఉన్నదాన్ని కూడా లేనట్టే నేర్పుతున్నాం.

ఆ కారణాన్ని చూడాలంటే పుస్తకం అక్కర్లేదు. క, చ, ట, త, ప అని నిదానంగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతూ పలికి చూడండి. నాలుక తాకే చోటు నోటి వెనక నుంచి ముందుకు నడుస్తూ వచ్చి చివర పెదవుల దగ్గర ఆగుతుంది. కృష్ణయజుర్వేదం తైత్తిరీయ శాఖకు తైత్తిరీయ ప్రాతిశాఖ్యం అనే లక్షణగ్రంథం ఉంది. మన ఆంధ్రదేశపు వైదికుల్లో ఎక్కువమంది ఆ శాఖవాళ్లే, కాబట్టి ఇది మన ఇళ్లకు దగ్గరి గ్రంథం. అందులో ఈ ఐదు వరుసలకూ ఐదు చిన్న సూత్రాలున్నాయి. కవర్గంలో నాలుక మొదలు దవడ మొదలును తాకాలి. చవర్గంలో నాలుక నడిమి భాగం అంగిలిని తాకాలి. టవర్గానికి "జిహ్వాగ్రేణ ప్రతివేష్ట్య మూర్ధని టవర్గే", అంటే నాలుక కొసను వెనక్కి మడిచి మూర్ధను, అంటే నోటి పైకప్పును, తాకించాలి. తవర్గంలో అదే కొస పళ్ల మొదళ్లకు, పవర్గంలో రెండు పెదవులు ఒకదానికొకటి. అంతే. అక్షరం ఆకారం గురించి ఒక్క ముక్క లేదు. వాళ్లకు కావలసింది చెవిన పడే వేదం తప్పిపోకుండా తరవాతి నోటికి అందడం. అందుకని చెప్పిందంతా నోటి గురించే చెప్పారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పదిహేడో శతాబ్దపు సంస్కృత వ్యాకరణం సిద్ధాంతకౌముదిలో భట్టోజీ దీక్షితులు "అకుహవిసర్జనీయానాం కంఠః" అన్నాడు. అ, కవర్గం, హ, విసర్గ, వీటన్నిటికీ స్థానం కంఠం. మన తెలుగు వ్యాకరణాలు కూడా కంఠ్యాలనే అంటాయి. కానీ క అని పలికి చూసుకుంటే తగిలేది గొంతులో కాదు, నాలుక వెనక భాగం పైకి లేచి తగులుతుంది. నా లెక్కలో ప్రాతిశాఖ్యమే నిక్కచ్చి. కౌముదికి కావలసింది ఏ ధ్వని ఏ ధ్వనితో సవర్ణమో, అంటే ఒకే జాతిదో, తేల్చడం, కాబట్టి అక్కడ ముద్ర వేయడానికి ఒక పేరు చాలింది. ఇద్దరూ పండితులే, ఇద్దరూ ఒకే ధ్వనిని రెండు పనుల కోసం రెండు రకాలుగా చెప్పారు. ఇది గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరమవుతుంది.

అడ్డువరుసల సంగతి ఇది. నిలువు వరుసలు ఇంకా బాగుంటాయి. క, ఖ, గ, ఘ, ఙ: నాలుక చోటు మారదు, మిగతావి మారతాయి. కకు గొంతు మోగదు, గకు మోగుతుంది. ప్రాతిశాఖ్యం మాటల్లో కంఠం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాస. గొంతులోని తంత్రుల సంగతి అద్దాలూ యంత్రాలూ లేకుండా విని, తడిమి, ఆ రోజుల్లోనే కనిపెట్టారు. ఖ, ఘలకు ఊపిరి ఎక్కువ పోతుంది. అరచేతిని నోటి ముందు పెట్టుకుని ప, తరవాత గాలి వదులుతూ ప్హ అంటే అరచేతికే తెలిసిపోతుంది. ఐదోదానికి ముక్కు తెరుచుకుంటుంది. ముక్కు గట్టిగా మూసుకుని మ్ అని సాగదీయమంటే పిల్లలు ఉక్కిరిబిక్కిరై నవ్వుతారు, ఎందుకంటే రాదు. ప్ మాత్రం వస్తుంది.

ఐదు చోట్లు, ఐదు పద్ధతులు, ఇరవై ఐదు స్పర్శాలు. తరవాత య ర ల వ: మళ్లీ అంగిలి, మూర్ధ, పళ్లు, పెదవులు, అదే దారి. శ ష స: అంగిలి, మూర్ధ, పళ్లు. శ, ష తేడా పిల్లలకు చెప్పలేక మనం "చిన్న శ, పెద్ద ష" అంటూ తిప్పలు పడతాం. ఒకటి చ పలికే చోటు నుంచి, ఇంకొకటి ట పలికే చోటు నుంచి అని చెబితే సరిపోతుంది. నాలుకను ట దగ్గర పెట్టి గాలి వదలమంటే ష దానంతట అదే వస్తుంది.

ఇప్పుడు బొమ్మ దొరకని ఙ, ఞల దగ్గరికి వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అవే.

కంకి, కంచం, కంటె, కంది, కంబళి. ఐదు మాటలు, ఐదింటికీ మొదట 'కం'. రాతలో ఒకే సున్న. పైకి నిదానంగా చదవండి, ఈసారి సున్న దగ్గర నాలుకను ఆపి చూడండి. కంకిలో నాలుక వెనక భాగం అప్పటికే కకు తగిలి ఉంది, ముక్కులోంచి వచ్చేది ఙ. కంచంలో నడిమి భాగం అంగిలికి అంటుకుని ఉంది, అది ఞ. కంటెలో నాలుక మడత పడింది, ణ. కందిలో కొస పళ్లకు తగిలింది, న. కంబళిలో పెదవులు మూతపడ్డాయి, మ. రోజూ మనం ఙ, ఞలను వందసార్లు పలుకుతున్నాం. సున్న వాటిని కప్పేసింది, అంతే. అనుస్వారం తన తరవాతి అక్షరం వర్గంలోని అనునాసికంగా మారుతుందని పాణిని సూత్రం చెబుతుంది: "అనుస్వారస్య యయి పరసవర్ణః". సూత్రం తెలియని నోరు కూడా ఆ పని తప్పకుండా చేస్తుంది. కాబట్టి పట్టికలో ఐదో గడి దండగ కాదు. ఒక్క సున్న ఐదు రకాలుగా ఎందుకు వినిపిస్తుందో ఆ గడి లేకుండా చెప్పలేం.

తమిళం చదివే పిల్లలకు ఇది ఎంత తేలికో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. తమిళ రాతలో మన పద్ధతి సున్న లేదు. అందుకని బడిలో వాళ్లు ఆ అనునాసికాలను విడివిడిగా రాస్తారు. మన లిపిలోకి మార్చి చూపిస్తాను: ఇఙ్కే, మఞ్చళ్, వణ్టి, పన్తు, పమ్పరం. మొదటిది 'ఇక్కడ', తరవాత పసుపు, బండి, బంతి, బొంగరం. అంటే ఙ, ఞ, ణ, న, మల తేడాను ఒకటో తరగతి నుంచీ చేత్తో రాస్తూ వచ్చిన పిల్లలు వీళ్లు. తెలుగు ఒక్కటే చదువుకున్న పిల్లలకు దీన్ని నేను కొత్తగా చెప్పాలి. వీళ్లకు "మీ తమిళ పుస్తకంలో ఉన్నదే" అంటే చాలు. తమిళ అక్షరాలు అప్పగించేటప్పుడు వాళ్లు క ఙ చ ఞ ట ణ త న ప మ అంటారు. మన పట్టికలో మొదటి నిలువు వరుస, చివరి నిలువు వరుస. అడ్డువరుసల క్రమం అదే, వెనక నుంచి ముందుకు నడక అదే. మధ్యలోని మూడు వరుసలు తమిళ లిపిలో లేవు.

అక్షరం లేదు కదా అని గ తమిళుల నోట్లో లేదనుకోకూడదు. మాట మొదట్లో మామూలుగా క, అచ్చుల నడుమ మెత్తబడుతుంది, అనునాసికం తరవాత గ. ఎక్కడ ఏది వస్తుందో చోటును బట్టి తెలిసిపోతుంది కాబట్టి రెండో అక్షరంతో పని పడలేదు. పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం తమిళానికి 30 అక్షరాలని లెక్క తేల్చి, అవి నోట్లో పుట్టే తీరుకు ఒక ప్రకరణమే కేటాయించింది. మాట మొదట్లో క అన్న పద్ధతికి ఎదురువచ్చే పేర్లూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. గిండీ స్టేషన్ బోర్డు మీద తమిళంలో ఉన్నది క అక్షరమే. క, గ తేడా చెప్పాలంటే నేను మొదట ఆ బోర్డు గురించే అడుగుతాను. "రాసింది ఏమిటి, పలికింది ఏమిటి?" అంటే పిల్లలే గొంతు మీద వేలు పెట్టుకుని చూసుకుంటారు. రెండు భాషలు తెలిసిన పిల్లలకు పోల్చి చూసుకునే వీలుంది. దాన్ని వాడుకోకుండా, "తమిళం వల్ల పాడయ్యాడు" అనడం ఆ పిల్లలకూ అన్యాయమే, తమిళానికీ అన్యాయమే.

ఇంతకుముందు రెండు పనులకు రెండు రకాలుగా చెప్పారన్నాను కదా. అక్షరాల వరుసకే అలాంటిది ఒకటుంది. పాణిని తన అష్టాధ్యాయిలో, ఆ నాలుగు వేల సూత్రాలు అటూఇటూగా ఉన్న గ్రంథంలో, ఈ వర్ణమాల వరుసను వాడుకోలేదు. ఆయన వాడింది 14 మాహేశ్వర సూత్రాల వరుస: అఇఉణ్, ఋఌక్, ఏఓఙ్, ఐఔచ్, హయవరట్, లణ్, ఞమఙణనమ్, ఝభఞ్, ఘఢధష్, జబగడదశ్, ఖఫఛఠథచటతవ్, కపయ్, శషసర్, హల్. నటరాజు తాండవం చివర ఢక్కా మోగిస్తే పుట్టాయని కథ. చిదంబరం ఉన్న రాష్ట్రంలో ఉంటూ ఆ కథను కాదనబుద్ధి కాదు, కానీ పతంజలి మహాభాష్యం వీటిని అక్షరసమామ్నాయం అంటుంది. అంటే వరుసగా పేర్చిన అక్షరాల పాఠం. ఆ పేర్చడంలోనే ఉంది గొప్పంతా.

ప్రతి సూత్రం చివరి హల్లు గుర్తు మాత్రమే, లెక్కలోకి రాదు. ఏదో ఒక అక్షరం నుంచి ఏదో ఒక గుర్తు దాకా అంటే మధ్యలోవన్నీ ఒక్క మాటలో వచ్చేస్తాయి. అ నుంచి చ్ దాకా అచ్, అవే మన అచ్చులు. హ నుంచి ల్ దాకా హల్, అవే మన హల్లులు. ఇ నుంచి క్ దాకా ఇక్: ఇ, ఉ, ఋ, ఌ. య నుంచి ణ్ దాకా యణ్: య, వ, ర, ల. ఇప్పుడు "ఇకో యణచి" అనే సూత్రం చూడండి. అచ్చు పరమైతే ఇక్కుల చోట యణ్ణులు వస్తాయి. ఇకు య, ఉకు వ, ఋకు ర, ఌకు ల, వరుసలో ఒకటికి ఒకటి. అతి + అంత అత్యంత, సు + ఆగతం స్వాగతం, పితృ + ఆర్జితం పిత్రార్జితం.

వర్ణమాలలో ఉన్నది య ర ల వ. పాణిని దగ్గర య వ ర ల. వను నోటి వరుసలోంచి తీసి ముందుకు తెచ్చారు, ఇ ఉ ఋ ఌలకు సరిగ్గా ఎదురుగా నిలబడాలని. మనమంతా హైస్కూల్లో "ఇ, ఉ, ఋలకు అసవర్ణ అచ్చులు పరమైతే క్రమంగా య, వ, రలు ఆదేశంగా వస్తాయి" అని బట్టీ పట్టాం. వర్ణమాలలో 'య, ర, ల, వ' అని చదివిన నోటితోనే ఇక్కడ 'య, వ, ర' అన్నాం. ఆ తేడా ఎందుకని మా బళ్లో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అది పాణిని వరుస. తెలుగు పిల్లల నోట్లో ఇవాళ్టికీ నడుస్తోంది.

'జబగడదశ్' ఇంకా ముచ్చటైనది. వర్ణమాల ప్రకారం అయితే గ జ డ ద బ ఉండాలి. జను ఎందుకు మొదటికి తోశారు? పాణినికి ఒకచోట బ, గ, డ, దలు మాత్రమే భ, ఘ, ఢ, ధలుగా మారాలి. దుహ్ ధాతువుకు భవిష్యత్తులో ధోక్ష్యతి అవుతుంది, మొదటి ద ధగా మారుతుంది. ఆ సూత్రంలో జ ఉండకూడదు. జను అంచుకు జరిపితే బ నుంచి శ్ దాకా 'బశ్' అని కోసుకోవచ్చు. అవతల ఝను కూడా అలాగే అంచుకు జరిపి భ నుంచి ష్ దాకా 'భష్' అని కోసుకున్నారు. ఒక అక్షరం ఒక అడుగు పక్కకు జరగడం వెనక ఎంత లెక్క ఉందో చూడండి. హ రెండుసార్లు రావడం కూడా ఇలాంటి అవసరమే, యవరల పక్కనా కావాలి, శషసల పక్కనా కావాలి. 1991లో పాల్ కిపార్‌స్కీ అనే భాషాశాస్త్రవేత్త ఈ వరుస మొత్తం సంక్షిప్తత అనే ఒకే పట్టుదల నుంచి పుట్టిందని వాదించాడు. ఒక్కో ముక్కా విప్పి చూస్తుంటే ఆ వాదన నాకు నిజమనిపిస్తుంది.

వాట్సాప్‌లో "మన అక్షరమాల ప్రపంచంలోనే శాస్త్రీయం, నాసా కూడా ఒప్పుకుంది" అని వచ్చే ఫార్వర్డ్‌లు నాకు బాధ కలిగించేది అందుకే. 1985లో నాసా కేంద్రంలో పనిచేసిన రిక్ బ్రిగ్స్ రాసిన వ్యాసం ఒకటుంది. అది సంస్కృత శాస్త్రకారులు వాక్యార్థాన్ని విడమరిచిన పద్ధతి గురించి, అక్షరాల వరుస గురించి కాదు. పైగా పొగడ్త వినగానే మనం ఆగిపోతాం. నాలుక ఎక్కడ తగిలిందో చూసుకోం. ఆ వ్యాకరణవేత్తలు తమ సొంత లెక్కలను కూడా వదలకుండా సరిచూసుకున్నవాళ్లు. హ్రస్వ అకారం పలికేటప్పుడు నోరు కొంచెం మూసుకుంటుంది, దీర్ఘ ఆకారానికి తెరుచుకుంటుంది. ప్రయత్నంలో తేడా ఉంటే ఆ రెండూ సవర్ణాలు కావు, సవర్ణదీర్ఘమే కుదరదు. కాబట్టి వ్యాకరణం నడిచినంతసేపూ హ్రస్వాన్ని కూడా వివృతంగానే, అంటే నోరు తెరిచి పలికేదిగానే, లెక్కపెట్టుకున్నాడు పాణిని. పని అయ్యాక, గ్రంథంలో అన్నిటికన్నా చివర, ఒక్క సూత్రం పెట్టాడు: "అ అ". ఇంతదాకా వివృతం అనుకున్న అకారం ఇక సంవృతమే అని. సౌకర్యం కోసం ఒకటి అనుకుంటే, అనుకున్నానని చెప్పి దాన్ని వెనక్కి ఇచ్చేశాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. ఫార్వర్డ్‌లో అది కనిపించదు.

తెలుగు వ్యాకర్తలు కూడా ఈ తెలివితోనే నడిచారు. పరవస్తు చిన్నయసూరి ఈ మద్రాసులోనే, ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పినవాడు. 1858లో వచ్చిన బాలవ్యాకరణం సంస్కృతానికి వర్ణాలు యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పై ఆరు అంటూ మొదలవుతుంది. సంస్కృతం మీద ఎంత భక్తి ఉన్నా, సంస్కృత పట్టికను తెచ్చి తెలుగు మీద యథాతథంగా పరిచెయ్యలేదు. ఖ, ఘ, ఛ, ఝలు తత్సమాలతో పాటు వచ్చినవని పక్కన పెట్టాడు. సంస్కృతంలో లేని ఎ, ఒలను చేర్చాడు. చలి, చిలక అన్నప్పుడు చ రెండు రకాలుగా పలుకుతుందని గుర్తించి దంత్య ౘ, ౙలను లెక్కలో పెట్టాడు. వరుస తీసుకున్నాడు, గడులు మనకు కావలసినట్టు నింపుకున్నాడు.

అందుకని నా క్లాసులో ఒత్తక్షరాలు మొదట చెప్పను. ఇది కొందరు పెద్దవాళ్లకు నచ్చదు. "ఒత్తులు చిన్నప్పుడే పట్టకపోతే ఇంకెప్పుడూ రావు" అంటారు. కానీ వత్తు ఎక్కడుందో చూసి కంఠతా పట్టిన పిల్లలు ధనం, దనం రెండూ ఒకేలా చదువుతున్నారు, రాతలో మాత్రం వత్తు పెడుతున్నారు. నేను ముందు ఐదు అడ్డువరుసలు గీసి, క గ, చ జ, ట డ, త ద, ప బలు నింపిస్తాను. ఐదో గడులు కంకి, కంచాలతో నింపిస్తాను. రెండో, నాలుగో గడులు ఖాళీగా ఉంచుతాను. పట్టికలో ఖాళీ కనబడితే పిల్లలు ఊరుకోరు. ఇక్కడ ఏముంటుందని వాళ్లే అడుగుతారు, అప్పుడు అరచెయ్యి నోటి ముందుకు వస్తుంది. సంగీతం క్లాసుకు వెళ్లేవాళ్లుంటే ఆ నిండిన పట్టికతోనే, రాగం పేరులోని మొదటి రెండక్షరాలను అంకెలుగా చదివి మేళం సంఖ్య తేల్చే కటపయాది లెక్క చూపిస్తాను. సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళలో మ ఐదు, య ఒకటి, తిరగేస్తే పదిహేనో మేళం. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే ఇరవై తొమ్మిది. పట్టికలో అక్షరం ఎన్నో గడిలో ఉందో తెలిస్తేనే ఆ లెక్క వస్తుంది.

ఇలా నేర్చుకున్న ఓ అమ్మాయి, నాలుగో తరగతి, ప వరుస పలుకుతూ ఫ దగ్గర ఆగిపోయింది. "ఆంటీ, ఇది ఈ లైన్లో ఎందుకుంది? పెదాలు రెండూ తగలట్లేదు, కింద పెదవి పళ్లకు తగులుతోంది" అంది. నిజమే. ఫలం, ఫలితం అనేటప్పుడు కూడా మన తెలుగువాళ్లలో చాలామంది నోట్లో వచ్చేది కాఫీలోని ఫ. పట్టిక కోరేది పకు గాలి ఒత్తు. మన ఉచ్చారణ పట్టికలోంచి జరిగిపోయిన చోటును ఆ పిల్ల నాలుకతో కాదు, పెదవితో పట్టుకుంది. రెండూ పలికించి, పట్టికలోది ఏదో కాఫీలోది ఏదో చెప్పాను. కాఫీ ఫను ఏ గడిలో పెట్టాలని అడిగింది. పెదవీ పళ్లూ కలిసే చోటు పాత పట్టికలో వేరే వరుసగా లేదు, కౌముది మాత్రం వకు దంతోష్ఠ్యం అని స్థానం చెప్పింది. త వరుసకూ ప వరుసకూ మధ్య గీత గీసి, అక్కడ రాసుకోమన్నాను.